చిట్టాలో రాయాలా, అలవాటు చేసుకోవాలా?

బ్యాంకు శాఖలో జరిగే పనులను గమనిస్తే రెండు రకాలు కనిపిస్తాయి. సాయంత్రం కౌంటరు మూశాక నగదు లెక్కపెట్టడం, పుస్తకంలోని అంకెతో సరిచూడటం, ఇద్దరి దగ్గరున్న తాళంచెవులతో సేఫ్ మూయడం మొదటి రకం. ఈ పని చేయాలని ఏ ఉద్యోగీ కాగితం మీద రాసుకోడు. కౌంటరు మూయగానే చేతులు వాటంతట అవే నోట్ల కట్టల వైపు వెళతాయి. రెండో రకం వేరు. ఖాతాదారు రాసిచ్చిన ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఆలోపే అప్పు ఉన్నట్టు ఆయన చేత మళ్లీ సంతకం పెట్టించుకోవాలి. అప్పుకు హామీగా ఉన్న సరుకు మీద బీమా ఫలానా తేదీతో ముగుస్తుంది. ఇలాంటివి గుర్తుంటాయిలే అని ఏ మేనేజరూ ధీమాగా ఉండరు. రిజిస్టరులోనో కంప్యూటరులోనో గడువు తేదీ నమోదు చేయించి, ఆ జాబితాను క్రమం తప్పకుండా చూస్తారు.

అదే మనుషులం ఇంటికి వచ్చేసరికి ఈ తేడా మరిచిపోతాం. "రోజూ నలభై నిమిషాలు నడవాలి" అని కొత్త డైరీ మొదటి పేజీలో రాసుకుంటాం. ఆరోగ్య బీమా ప్రీమియం సంగతి మాత్రం మనసులోనే పెట్టుకుంటాం. డైరీలో రాసిన నడక పది రోజులకు ఆగిపోతుంది. మనసులో పెట్టుకున్న ప్రీమియం గడువు దాటిపోతుంది. అప్పుడు "నాకు క్రమశిక్షణ లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. శ్రద్ధ ఉండబట్టే రాసుకున్నాం, శ్రద్ధ ఉండబట్టే మనసులో పెట్టుకున్నాం. కాకపోతే రాయాల్సినదాన్ని మనసులో ఉంచి, అలవాటు చేసుకోవాల్సినదాన్ని రాశాం.

సమయాన్ని చక్కబెట్టుకోవడం గురించి వచ్చే పుస్తకాలు, ఫోన్లలోని యాప్‌లు కూడా ఇలాగే రెండు దారులు పట్టాయి. అమెరికన్ రచయిత డేవిడ్ అలెన్ 2001లో తెచ్చిన 'గెటింగ్ థింగ్స్ డన్' పనుల జాబితాను నమ్ముకున్న పుస్తకం. బుర్రలో ఉన్న ప్రతి పనినీ బయటకు తీసి రాయమంటుంది. జేమ్స్ క్లియర్ 2018లో రాసిన 'అటామిక్ హ్యాబిట్స్' అలవాట్లను నమ్ముకుంది. చిన్న చిన్న పనులను రోజూ చేస్తూ పోతే పెద్ద ఫలితం వస్తుందంటుంది. రెంటికీ లక్షలాది పాఠకులున్నారు. వీటిలో ఏది పాటించాలని చాలామంది అడుగుతుంటారు. మన ఇళ్లలో రెండూ కావాలి. అసలు తేల్చుకోవాల్సింది ఏ పని ఏ దారికి చెందుతుందన్నదే.

నష్టం ఎప్పుడు జరుగుతుంది?

ఇది తేల్చడానికి ఒక ప్రశ్న ఉపయోగపడుతుంది. ఈ పని ఒక్కసారి తప్పితే నష్టమా, వందసార్లు తప్పితే నష్టమా?

ఆరోగ్య బీమా పాలసీని తీసుకోండి. గడువుతోపాటు దానిపై ఇచ్చే అదనపు రోజులు కూడా దాటిపోతే పాలసీ ఆగిపోతుంది. పాత జబ్బుల కోసం అప్పటిదాకా పూర్తిచేసిన నిరీక్షణ కాలం మళ్లీ మొదటికి రావచ్చు. అంటే ఒక్క మరుపు ఖరీదు కొన్నేళ్లు. పిల్లల ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, దరఖాస్తు గడువు కూడా అలాంటిదే. పింఛను తీసుకుంటున్న నాన్నగారి లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వకపోతే ఆ తర్వాత పింఛను నిలిచిపోతుంది. ఇవన్నీ ఒక్కసారి తప్పినా దెబ్బతీసేవి. ఏడాదికి ఒకసారి వచ్చే పని ఎన్నటికీ అలవాటు కాదు. అలవాటు పడాలంటే పదే పదే జరగాలి కదా. కాబట్టి వీటి చోటు చిట్టాలోనే, తేదీతో సహా.

ఇప్పుడు నడకను చూడండి. ఈరోజు నడవకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. రేపు నడవకపోయినా ఏమీ కాదు. నష్టం ఏ ఒక్క రోజూ కనిపించదు కాబట్టే ప్రతిరోజూ వాయిదా వేయగలం. ఐదేళ్ల తర్వాత రక్త పరీక్షలో అది బయటపడుతుంది. చదువు, వ్యాయామం, తిండి విషయంలో జాగ్రత్త, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడటం ఈ కోవలోవి. వీటిని చిట్టాలో రాస్తే ఒక చిక్కుంది. చిట్టాలోని పనికి ముగింపు ఉండాలి, పూర్తయ్యాక కొట్టేయాలి. "నడక" అనే మాటను ఏ రోజూ శాశ్వతంగా కొట్టేయలేం. పైగా అదే జాబితాలో "గ్యాస్ బుక్ చేయాలి", "కరెంటు బిల్లు ఈరోజే ఆఖరు" ఉంటే నడక ఎప్పుడూ ఓడిపోతుంది. గడువు ఉన్న పని పక్కన గడువు లేని పనిని నిలబెడితే జరిగేది ఇంతే.

తెల్లవారగానే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే ఇల్లాలు ఆ పనిని ఏ కాగితం మీదా రాసుకోదు. అదే ఇంట్లో పెళ్లి వచ్చిందంటే శుభలేఖల నుంచి అప్పగింతల చీరల దాకా చిట్టా రాయకుండా ఎవరూ అడుగు వేయరు. ఏది రాయాలో ఏది రాయనక్కర్లేదో మన ఇళ్లకు తెలియనిదేమీ కాదు.

అలవాటు ఎలా నిలబడుతుంది?

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని తరచూ వింటుంటాం. ఈ అంకె వెనక మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారు. శస్త్రచికిత్స తర్వాత తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో తన పుస్తకంలో రాశారు. చేతులు మారేకొద్దీ "కనీసం" అన్న మాట జారిపోయింది. ముఖానికి సంబంధించిన సంగతి అన్ని అలవాట్లకూ సూత్రమైపోయింది.

అలవాట్ల మీద నేరుగా జరిగిన పరిశోధన వేరే లెక్క చెబుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పనిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టి చేశారు. ఉదాహరణకు, ఉదయం టిఫిన్ తర్వాత గ్లాసు నీళ్లు తాగడం. పని ఆలోచన లేకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఉంది: కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. నీళ్లు తాగడం లాంటి తేలిక పనులు త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది.

ఇందులో మనకు పనికివచ్చే సంగతులు రెండున్నాయి. మధ్యలో ఒక రోజు తప్పిపోతే అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ కలగలేదన్నది మొదటిది. ఒకరోజు నడక మానేసినందుకు "ఇక నావల్ల కాదు" అని పూర్తిగా వదిలేయడానికి కారణం లేదన్నమాట. మనవాళ్లలో ఆరంభ శూరత్వం ఎక్కువంటారు. ఆరంభం చేతకాక పనులు ఆగిపోవడం అరుదు. మొదటిసారి తప్పిన మర్నాడు మళ్లీ మొదలుపెట్టకపోవడం వల్లనే ఎక్కువగా ఆగిపోతాయి.

రెండోది సందర్భం. అలవాటుకు గడియారం కంటే ముందరి పని బలమైన ఆసరా. "ఉదయం ఆరున్నరకు" అనుకుంటే ఆరున్నర ఎప్పుడు దాటిందో తెలియదు. "కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే చెప్పులు వేసుకుంటాను" అనుకుంటే గ్లాసే గుర్తుచేస్తుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెప్పిందీ ఇదే. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవారు, వట్టి సంకల్పంతో ఉన్నవారికంటే ఎక్కువగా పని పూర్తిచేశారు. కౌంటరు మూయడం నగదు లెక్కను గుర్తుచేసినట్టే.

అందుకే కొత్త అలవాటుకు యాప్ వెతకడం కంటే, ఇంట్లో ఎప్పుడూ తప్పని పని ఏదో వెతకడం మేలు. కాఫీ తప్పదు, దీపం పెట్టడం తప్పదు, రాత్రి తలుపు గడియ వేయడం తప్పదు. వీటిలో ఒకదాని వెనకే కొత్త పనిని కట్టాలి. మొదట్లో అది నవ్వొచ్చేంత చిన్నదిగా ఉన్నా ఫరవాలేదు. వీధి చివరి దాకా నడిచి రావడం చాలు.

చిట్టా, ఆవర్జా

ఇక చిట్టాలో రాసే పనుల సంగతి. పాత కాలపు దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన ప్రతి లావాదేవీ జరిగిన వరుసలోనే ముందు చిట్టాలోకి ఎక్కేది. తర్వాత తీరిగ్గా కూర్చుని ఎవరి పద్దు వారి ఖాతాలోకి, అంటే ఆవర్జాలోకి, ఎక్కించేవారు. పనుల జాబితాకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

చాలామంది జాబితాలు విఫలమయ్యేది రెండో పుస్తకం లేకనే. గుర్తొచ్చినవన్నీ ఒకే కాగితం మీద రాస్తూ పోతారు. వారానికి నలభై పంక్తులు అవుతాయి. ఆ కాగితాన్ని చూస్తేనే భయమేసి, చూడటమే మానేస్తారు. గుర్తొచ్చిన వెంటనే చిన్న పుస్తకంలోనో ఫోన్‌లోనో రాసేయడం చిట్టా. వారానికొకసారి కూర్చుని, ఒక్కొక్క పంక్తికీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని తేల్చి క్యాలెండరులోకి ఎక్కించడం ఆవర్జా. రెండు నిమిషాల్లో అయిపోయే పనైతే రాయకుండా అప్పుడే చేసేయమని డేవిడ్ అలెన్ సలహా.

ఎప్పుడు, ఎక్కడ అని తేల్చడం ఎందుకు ముఖ్యమో చూపిన పరిశోధన ఒకటి ఉంది. మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో దాన్ని ప్రచురించారు. పూర్తికాని పని మనసులో తిరుగుతూ, చేతిలో ఉన్న వేరే పనికి అడ్డుపడుతుందని వారు గమనించారు. అయితే ఆ పనిని ఎలా చేస్తామో వివరంగా అనుకున్నవారికి, పని ఇంకా మొదలుకాకపోయినా, ఆ అడ్డు తొలగిపోయింది. రాత్రి పడుకున్నాక "అయ్యో, లాకరు అద్దె కట్టలేదు" అని ఉలిక్కిపడేవారికి దీని విలువ తెలుస్తుంది. మనసుకు కావలసింది ఆ పని ఫలానా రోజున జరుగుతుందన్న నమ్మకం.

రాసే పద్ధతి కూడా చూసుకోవాలి. "బీమా" అని ఒక్క మాట రాస్తే అది పని కాదు, ఒక బెంగ. "శనివారం పాత పాలసీ కాగితాలు తీసి నామినీ పేరు చూడాలి" అంటే పని. పంక్తి చివర క్రియ ఉందో లేదో చూసుకుంటే చాలు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు కాబట్టి, బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఆవర్జా పనికి అవి చక్కగా సరిపోతాయి. అరగంట చాలు.

ఈ చిట్టాలో ముందుగా ఎక్కాల్సినవి ఎవరూ అడగని పనులు. కరెంటు బిల్లు కట్టకపోతే కరెంటు పోతుంది కాబట్టి అది ఎలాగూ గుర్తుంటుంది. ఖాతాలకు నామినేషన్ ఉందో లేదో ఎవరూ గుర్తుచేయరు. పదేళ్లపాటు లావాదేవీ లేని, ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి వెళతాయని మనకు తెలుసు. అలాంటి సొమ్మును ప్రజలు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో 'ఉద్గమ్' పోర్టల్ తేవాల్సి వచ్చింది. కౌంటరులో ఎందరో ఖాతాదారులకు నామినేషన్ గురించి చెప్పే మనం, సొంత పాత ఖాతాల సంగతి ఎప్పుడు చూశాం? 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసిన ఖాతాలను ఒకసారి తీసి చూసుకోవడానికి ఇది మంచి సమయం.

మూడో దారి: ఒక్కసారి చేసి వదిలేయడం

కొన్ని పనులను రాయనక్కర్లేదు, అలవాటూ చేసుకోనక్కర్లేదు. పొదుపు అలాంటిదే. ప్రతి నెలా జీతంలో కొంత పక్కన పెట్టాలని అలవాటు చేసుకోవడం కష్టం. ఎందుకంటే ప్రతి నెలా ఏదో ఒక ఖర్చు ముందుకు వస్తుంది, ప్రతిసారీ మనసుతో పోట్లాడాలి. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కో పీపీఎఫ్‌కో సొమ్ము వెళ్లేలా ఒక స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే ఆ పోట్లాట ఉండదు. పీపీఎఫ్‌లో నెల 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్కిస్తారు. కాబట్టి సొమ్ము 5వ తేదీలోపు చేరేలా తేదీ పెడితే, ప్రతినెలా గుర్తుంచుకోవాల్సిన సంగతి శాశ్వతంగా తీరిపోతుంది.

ఏ పని ముందుకు వచ్చినా, దీన్ని చిట్టాలో రాయాలా, అలవాటు చేసుకోవాలా అని ఆలోచించేముందు, ఒక్కసారి ఏర్పాటు చేసి వదిలేసే దారి ఉందా అని చూడాలి. బిల్లులు ఖాతా నుంచి నేరుగా వెళ్లేలా చేయడం, నెలకు సరిపడా మందులు ప్రతినెలా ఇంటికే వచ్చేలా చెప్పడం, బియ్యం, పప్పులు ప్రతినెలా ఒకే కొలతలో తెప్పించడం ఇలాంటివి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. తనంతట తాను జరిగేదాన్ని మనం చూడం. చూడటం మానేసిన ఓటీటీకి చందా కట్టుకుంటూ పోవచ్చు, నిల్వ లేని పాత ఖాతా నుంచి ప్రీమియం వెళ్లకుండా ఆగిపోవచ్చు. అందుకని "ఆటోమేటిక్‌గా వెళ్లేవన్నీ సరిచూడాలి" అనే ఒక పంక్తి ఏడాదికొకసారి చిట్టాలో ఉండాలి.

రెండూ కలిసిన పనులు

జీవితంలో పెద్ద పనులు ఒకే గదిలో ఇమడవు. జేఏఐఐబీ పరీక్షనే తీసుకుందాం. ఇప్పుడు అందులో నాలుగు పేపర్లు. రిజిస్ట్రేషన్‌కు ఆఖరు తేదీ, ఫీజు, పరీక్షా కేంద్రం ఎంపిక, హాల్ టికెట్ చిట్టాకు చెందినవి. చదువు అలవాటుకు చెందినది. "జేఏఐఐబీ పాస్ కావాలి" అని ఒకే పంక్తిగా రాస్తే రెండూ దెబ్బతింటాయి.

శాఖ నుంచి ఏడున్నరకో ఎనిమిదికో ఇంటికి వచ్చేవారు "వీలున్నప్పుడు చదువుతాను" అనుకుంటే ఆ వీలు రాదు. రాత్రి భోజనమయ్యాక బల్ల తుడవగానే అదే బల్ల మీద అరగంట పుస్తకం తెరవడం అలవాటుగా కట్టుకోవచ్చు. ఆ అరగంటలో ఏ అధ్యాయం చదవాలో ముందే చిట్టాలో రాసి ఉంటే, ఏం చదువుదామా అని వెతకడంలోనే సగం సమయం పోదు. అలవాటు కుర్చీలో కూర్చోబెడుతుంది, చిట్టా పేజీ తెరుస్తుంది. పిల్లల చదువుకూ ఇదే వర్తిస్తుంది. "రోజూ చదువుకో" అని వందసార్లు చెప్పేకంటే, బడి నుంచి వచ్చి పాలు తాగిన తర్వాత కూర్చునే చోటు ఒకటి ఏర్పాటు చేయడం, వారం పాఠాలు గోడ మీద కాగితంలో ఉంచడం తేలిక. ఇంట్లో గొంతు పెంచాల్సిన అవసరం కూడా తగ్గుతుంది.

బీపీ మాత్ర కూడా ఇలాగే రెండు పనులు. రోజూ వేసుకోవడం అలవాటు, దానికి ఉదయం కాఫీనో టిఫినో ఆసరా. మాత్రలు అయిపోకముందే తెప్పించడం, ఆర్నెల్లకో ఏడాదికో డాక్టరును కలవడం చిట్టాలోని పనులు. ఇంట్లో పెద్దవాళ్ల మందుల విషయంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెండో భాగంలోవే. రోజూ తప్పకుండా వేసుకునే అత్తగారికి ఆదివారం ఉదయం డబ్బా ఖాళీ అయిందని తెలుస్తుంది. ఆఖరి పది మాత్రలు మిగిలిన రోజు తేదీని క్యాలెండరులో ముందే గుర్తుపెట్టుకుంటే ఆ ఇబ్బంది రాదు.

పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్‌ను నవంబరు మొదటి వారంలోనే చిట్టాలో వేసుకోవడం మంచిది. 80 ఏళ్లు దాటిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ద్వారా డిజిటల్‌గా ఇచ్చే వీలుంది కాబట్టి కదలలేనివారిని శాఖ దాకా తీసుకురావాల్సిన పని లేదు.

బదిలీ వచ్చినప్పుడు

బ్యాంకు కుటుంబాలకు అలవాట్ల విషయంలో తరచూ ఎదురయ్యే పరీక్ష ఒకటి ఉంది. అదే బదిలీ. విజయవాడలో రెండేళ్లపాటు రోజూ నడిచిన మనిషి, వేరే రాష్ట్రంలో కొత్త శాఖకు వెళ్లాక ఆర్నెల్లయినా చెప్పులు వేసుకోరు. సంగీతం క్లాసుకు తప్పకుండా వెళ్లిన అమ్మాయి వీణకు గలీబు తొడిగేస్తుంది. బద్ధకం వచ్చిందని అనుకుంటాం.

దీనికి కారణాన్ని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్, ఆమె సహచరులు 2005లో చూపారు. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారుతున్న విద్యార్థుల వ్యాయామం, పత్రిక చదవడం, టీవీ చూడటం వంటి అలవాట్లను వారు పరిశీలించారు. కొత్త చోట పరిసరాలు పాతవాటిలా ఉన్నప్పుడు అలవాటు నిలిచింది. పరిసరాలు మారినచోట తెగిపోయింది. అలవాటు సగం మనలో ఉంటే సగం ఆ ఇంటిలో, ఆ వీధిలో, ఆ వేళలో ఉంటుందన్నమాట. లారీలో సామాను వస్తుంది గానీ అది రాదు.

కాబట్టి బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు రెండు పనులు చేయాలి. చిరునామా మార్పు, గ్యాస్ కనెక్షన్, పిల్లల టీసీ, బీమా పాలసీల్లో ఫోన్ నంబరు, ఆటోమేటిక్‌గా వెళ్లే చెల్లింపులు, ఇవన్నీ చిట్టాలో తేదీలతో రాయాలి. ఇది మనందరం ఎంతో కొంత చేస్తున్నదే. సాధారణంగా చేయనిది రెండోది. పాత ఊళ్లో ఏ అలవాటు దేని వెనక కట్టి ఉందో రాసుకోవాలి. నడక పక్కింటి స్నేహితుడి పిలుపు మీద ఆధారపడి ఉంటే, కొత్త ఊళ్లో ఆ పిలుపు ఉండదు. మొదటి వారంలోనే దానికి కొత్త ముడి వేయాలి.

బదిలీలో ఒక మేలు కూడా ఉంది. మంచి అలవాట్లతో పాటు వదిలించుకోవాలనుకున్నవీ తెగిపోతాయి. పాత ఇంట్లో సోఫాలో కూర్చోగానే చేతిలోకి వచ్చే ఫోన్‌కు కొత్త ఇంట్లో ఇంకా చోటు కుదరలేదు. సామాను సర్దే మొదటి రోజే ఛార్జరును పడకగదికి దూరంగా పెడితే, ఆ తర్వాత దాని కోసం పోరాడనక్కర్లేదు.

చిట్టా ఎవరి తలలో ఉంది?

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక మనిషి గురించి. ఇల్లు ఒక మనిషిది కాదు. చాలా ఇళ్లలో పనులు ఇద్దరూ పంచుకున్నా, చిట్టా మాత్రం ఒకరి తలలోనే ఉంటుంది. గ్యాస్ ఎప్పుడు అయిపోతుంది, చిన్నవాడి టీకా ఎప్పుడు, ఎవరి పెళ్లికి ఏం పెట్టాలి, మామగారి కంటి పరీక్ష ఎప్పుడు అన్నవన్నీ సాధారణంగా ఆ ఇంటి ఇల్లాలికే తెలుసు. ఆమె కూడా ఉద్యోగి అయితే ఇది ఇంకో కౌంటరు నడపడమే. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అనే భర్త సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. కానీ గుర్తుంచుకుని చెప్పడం కూడా పనే, అది ఎప్పుడూ ఆగని పని.

ఏ శాఖా ఒక్క మనిషి జ్ఞాపకం మీద నడవకూడదని బ్యాంకులు ఎన్నో ఏర్పాట్లు చేశాయి. సేఫ్‌కు రెండు తాళాలు అందులో ఒకటి. మోసాలకు, ఇతర నష్టాలకు తావు లేకుండా, కీలకమైన బాధ్యతల్లో ఉన్న ఉద్యోగులు ఏటా కనీసం 10 పనిదినాలు ఒకే విడతగా, ముందు చెప్పకుండా, సెలవులో ఉండేలా చూడాలని రిజర్వు బ్యాంకు 2021లో ఆదేశించింది. ఆ రోజుల్లో ఆ సీటు మరొకరు నడుపుతారు. ఈ పరీక్షను ఇంటికి పెట్టి చూస్తే ఎన్ని ఇళ్లు నెగ్గుతాయి? ఇల్లాలు పది రోజులు ఆసుపత్రిలో ఉంటే పాలవాడి లెక్క ఎవరికి తెలుసు? ఆయన హఠాత్తుగా లేకపోతే పాలసీ కాగితాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసా? రెండు ప్రశ్నలూ వేసుకోవాల్సినవే.

దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఇంటి చిట్టా ఇద్దరికీ కనిపించే చోట ఉండాలి. వంటింటి తలుపు మీద క్యాలెండరైనా, ఇద్దరి ఫోన్లలో ఉమ్మడిగా ఉన్న జాబితా అయినా సరే. ఒక్కో పంక్తి పక్కన పేరు రాయాలి. పేరు ఉన్నవాళ్లు దాన్ని గుర్తుంచుకోవడం నుంచి పూర్తిచేయడం దాకా చూసుకోవాలి, మధ్యలో అడిగించుకోకూడదు. పదేళ్లు దాటిన పిల్లలకు కూడా ఒకటి రెండు పంక్తులు ఇవ్వవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ వ్యాసం చదివాక ఐదు అలవాట్లు, మూడు యాప్‌లు ఒకేసారి మొదలుపెడితే అవి వచ్చే నెల దాకా నిలవవు. ఒక్కొక్కటి చాలు.

వచ్చే రెండో శనివారమో నాలుగో శనివారమో అరగంట ఇద్దరూ కూర్చోండి. మనసులో తిరుగుతున్నవన్నీ ఒక కాగితం మీదకు దించండి. ఒక్కొక్కదాన్నీ ఆ ప్రశ్న అడగండి: ఒక్కసారి తప్పితే నష్టమా, వందసార్లు తప్పితే నష్టమా? ఒక్కసారి తప్పితే నష్టం కలిగించేవాటికి తేదీ, పేరు వేసి క్యాలెండరుకు ఎక్కించండి. వాటిలో ఒక్కసారి ఏర్పాటు చేసి వదిలేయగలిగినది ఒకటి ఎంచుకుని, సోమవారం ఆ ఏర్పాటు చేసేయండి. వందసార్లు తప్పితే నష్టం కలిగించేవాటిలో ఒకే ఒక్కదాన్ని తీసుకుని, రోజూ తప్పని ఏదో ఒక పని వెనక ముడివేయండి. మిగిలినవాటిని ప్రస్తుతానికి అలాగే ఉంచండి. రెండు మూడు నెలలకు మొదటిది ఆలోచన లేకుండా జరుగుతుంటే రెండోదాన్ని ఎత్తుకోవచ్చు.

అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. ఆ అభ్యాసానికి మనసు ఖాళీగా ఉండాలంటే, గడువు తేదీల బరువును కాగితం మోయాలి. ఏ ప్రీమియం ఎప్పుడు కట్టాలో క్యాలెండరు చూసుకుంటున్న ఇంట్లో సాయంత్రం నడకకు వెళ్లేవారికి దారిలో ఆ బెంగ ఉండదు.